సూదులు ఆగితే పిట్ట

పక్షులు చూసే మా గుంపులో నన్ను "చెవి" అంటారు. ఆ బిరుదు ఊరికే రాలేదు. బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో నేను కుట్టుమిషన్లు బాగుచేస్తాను. హాలంతా హోరెత్తిపోతున్నా, కిటికీ పక్క మిషన్‌లో నూనె అయిపోయిందని తలుపు దగ్గర నిలబడే చెప్పేవాణ్ణి. సూపర్‌వైజర్ నోరు తెరిచేవాడు, నేను మీసం దువ్వుకునేవాణ్ణి. ఆ హోరే నా చెవుల్ని కొద్దికొద్దిగా తినేస్తోందని మాత్రం ఈ మహామేధావికి తట్టలేదు.

సెలవురోజు పొద్దున్నే మా వ్యాన్ బయలుదేరుతుంది. ముందు గడ్డిమైదానాలు, తర్వాత చిట్టడవి, ఆపైన మంచు పట్టిన బండల కనుమ. మా నాయకురాలు రిటైరైన టీచరమ్మ. ఆవిడ నియమం ఒకటుంది: చెవి చెప్పేదాకా ఎవరూ బైనాక్యులర్లు ఎత్తకూడదు. తలా ఒక దిక్కుకు తిప్పితే పిట్ట బెదిరిపోతుందట. అంటే ఇంతమంది పెద్దమనుషుల చేతులు నా నోటిమాట కోసం ఆగి ఉంటాయన్నమాట. ఇంట్లో టీవీ రిమోట్ కూడా నా మాట వినదు. అలాంటివాడికి ఈ వైభవం వదులుకోవడం ఎంత కష్టమో మీరే ఆలోచించండి.

ఒకరోజు మైదానంలో, గడ్డిలోంచి నిట్టనిలువుగా లేచి పైన రెక్కలాడిస్తూ పాడే చిన్నపిట్ట కనబడింది. గొంతు ఉబ్బుతోంది, ముక్కు ఆడుతోంది, పాట మాత్రం లేదు. జలుబనుకున్నాను. జలుబు తగ్గింది, పాట రాలేదు. కాకి వినిపిస్తుంది, గుడ్లగూబ వినిపిస్తుంది. సన్నగొంతు పిట్టలన్నీ నాతో మాటలు మానేశాయి. భయమేసింది. చెవి పోతే పోయింది, "చెవి" అన్న పేరు కూడా పోతే ఇక నేనెవణ్ణి?

దారి చూపించింది నా భార్య. తనకు తెలియకుండానే చూపిస్తోందనుకున్నాను. "పిట్టల కోసం నిద్ర పాడుచేసుకునే పిచ్చి నాకు లేదు" అనే మనిషి ఉన్నట్టుండి మాతో రావడం మొదలుపెట్టింది. మడతకుర్చీలో కూర్చుని స్వెటర్ అల్లుకునేది. పిట్ట కూసినప్పుడల్లా ఆవిడ సూదులు ఆగేవి. తల పైకెత్తితే నిలువుగా లేచే పిట్ట, బండల వైపు వాల్చితే రాతిపిట్ట. నేను వేలు చూపించి పేరు చెప్పేసేవాణ్ణి. అందరూ "ఆహా" అనేవాళ్ళు. కట్టుకున్నదాన్ని మోసం చేస్తున్నానని కాస్త సిగ్గుగా ఉండేది గానీ, ఆ "ఆహా" దాన్ని మింగేసేది.

మొన్న కనుమ మీద ఈదురుగాలి. సూదులు ఆగాయి. ఆవిడ తల బండల వైపు వాలింది.

"రాతిపిట్ట! ఎడమ బండ వెనకాల!" అని అరిచాను.

బైనాక్యులర్లన్నీ లేచాయి. బండ ఉంది, పిట్ట లేదు.

"నాకేం వినబడలేదే" అంది టీచరమ్మ.

నా భార్య వైపు చూశాను. ఊలుండ బండ కిందికి దొర్లిపోయింది. ఆవిడ వంగి దాన్ని వెతుక్కుంటోంది, అంతే.

"కూసిందండీ, నేనూ విన్నాను" అంది తలెత్తకుండానే.

అబద్ధమాడటం ఆవిడకు చేతకాదు. చెవులు ఎర్రబడిపోయాయి. అప్పుడు ఆ స్వెటర్ వంక చూశాను. రెండు చలికాలాలుగా అల్లుతున్నా చెయ్యి మోచెయ్యి దాటలేదు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటే ఇదే కాబోలు.

నిండా మునిగినవాడికి చలేమిటని నోరు విప్పాను. "కూయలేదు టీచరమ్మగారూ. సన్నగొంతులు నాకు వినబడటం లేదు. ఈవిడ సూదులు చూసి చెబుతున్నాను."

"అయితే ఇన్నాళ్ళూ మా చెవి ఈవిడా?"

బైనాక్యులర్లన్నీ నా భార్య వైపు తిరిగాయి. అంత దగ్గర్నుంచి వాళ్ళకేం కనబడిందో నాకు తెలియదు.

తిరుగుదారిలో వ్యాన్ మైదానం దగ్గర ఆగింది. ఇద్దరం కాస్త పక్కకు నడిచాం.

"నేను చూస్తున్నానని నీకు తెలుసా?"

"పెళ్ళాం చేతుల వంక అంత ప్రేమగా చూసే మొగుడు ఎక్కడైనా ఉంటాడా అండీ? ఇంట్లో ఎన్నిసార్లు పిలిచినా పలకనప్పుడే తెలిసింది. పిట్టలు కూడా పోతే మీరేమైపోతారోనని వచ్చాను."

గడ్డిలోంచి ఆ చిన్నపిట్ట లేచింది. గొంతు ఉబ్బుతోంది.

"పాట ఎలా ఉందే?"

ఆవిడ కాసేపు విన్నది. "నూనె అయిపోయిన మిషన్‌లా ఉందండీ. సన్నగా, కీచుకీచుమంటూ."

బతుకంతా నూనె పోసి నేను నోరు మూయించిన చప్పుడు. అదైతే నాకు బాగా గుర్తుంది. పిట్ట చుక్కంతయ్యేదాకా ఆ చప్పుడే తలుచుకుంటూ నిలబడ్డాను. ఏడుపొచ్చింది.

"ఇంకా పాడుతోందా?" అన్నాను ముక్కు చీదుకుని.

"ఆఁ, పాడుతోంది" అంది.