పాలు పూసిన క్రోసాంట్లు

ఎజ్రా కుంచెను పాలలో ముంచి, కాలడానికి సిద్ధంగా ఉన్న వెన్నపొరల రొట్టెలు, క్రోసాంట్ల మీద మెల్లగా పూస్తున్నాడు. నిన్నటిదాకా మెరుపు కోసం గుడ్డు సొన పూసేవాడు. నెల్లిమర్లలో బేకరీలన్నీ తిరిగి రుచి చూసిన గున్నమ్మ, ఇతని క్రోసాంట్లే మంచివని తేల్చింది. అమ్మేది చేపలే అయినా కార్తీకంలో ఆమె గుడ్డుతో సహా నీచేదీ తినదు. మాసం మొదట్లో "గుడ్డు ఏసినావేటి?" అని అడిగితే, "పిండిలో నేదు పిన్నీ," అన్నాడు. అది నిజమే. పైన పూసే సంగతి మాత్రం బేరం పోతుందని మింగేశాడు. ఆమె తింటూ మెచ్చుకున్నప్పుడల్లా తల వంచుకుని, తుడిచిన బల్లనే మళ్లీ తుడిచేవాడు.

ట్రే బయటికి తీసేసరికి గున్నమ్మ ఖాళీ గంపతో వచ్చి నిలబడింది.

"ఏటిరా, ఇయ్యాల మెరుపు నేదు?"

"ఇన్నాళ్లూ పైన గుడ్డు రాసినాను పిన్నీ. నీకు సెప్పనేదు. ఇయ్యాల పాలే."

ఆమె గంప కింద పెట్టేసింది.

"నోరు కట్టుకున్నానని మురిసిపోయినాను కదరా. శివుడికి ఇప్పుడు ఏటని సెప్పుకోవాల?"

ఎజ్రా బల్ల తుడవబోయి, ఆగి ఆమెకేసి చూశాడు.

"సూస్తావేటి? పాలవి రెండు కట్టు."

అతను వేడి తగ్గేదాకా ఆగి, పొరలు చిట్లకుండా కాగితంలో చుట్టి, రెండు చేతులతో అందించాడు.