అర్థంకాని మాస్టారి మొదటి ప్రశ్న

నలభై ఏళ్ళు అర్థశాస్త్రం బోధించిన ఆ పెద్దమనిషికి ఏదీ అర్థమయ్యేది కాదు. కనీసం ఆయన అలాగే చెప్పుకొనేవారు. ఏ సదస్సులో ఎవరు పేపరు చదివినా సరే, చదివినవాళ్ళు మంచినీళ్ళ గ్లాసు అందుకొనేలోపే ఆయన చెయ్యి లేచేది. "నాకర్థం కాలేదండీ!" అందుకే అసలు పేరు హాజరు పట్టీలో మిగిలిపోయి, అందరి నోటా అర్థంకాని మాస్టారైపోయారు.

సదస్సులతో పోయే జబ్బు కాదది. క్షవరానికి వెళితే, ఎవరూ చెప్పకుండానే ఎవరి వంతు ఎవరికెలా తెలుస్తోందో ఆయనకు అర్థమయ్యేది కాదు. పక్కవాళ్ళను అడగడానికి అటోసారి ఇటోసారి తల తిప్పేవారు. "అర్థం కాకపోతే మానె, తల కదపకండి సార్" అని మంగలి మొత్తుకొనేలోపే ఒకసారి సగం మీసం ఎగిరిపోయింది.

"పెళ్ళికి ముందు, నేను నచ్చానా అని అడిగితే ప్రశ్న అర్థం కాలేదన్నారు. సర్లే పాపమని నేనే అర్థం చేసుకున్నాను" అనేది ఆయన భార్య.

ఇలాంటి మామయ్య ఉన్నందుకు మేనకోడలికి లోపల ప్రేమా, పైకి సిగ్గూ. అర్థశాస్త్రంలో ఆమెదీ ఆయన బాటే. మనుషుల్ని ధరలూ లాభాలే కాదు, అలవాట్లూ కట్టుబాట్లూ ఎక్కడా రాయని నియమాలూ కూడా నడిపిస్తాయని నమ్మే బాట. ఎదుటి పక్షానికి పెద్ద, అర్థశాస్త్రమంటే లెక్కలేననే లెక్కల ప్రొఫెసరు. సమీకరణం లేని పేపరు ఆయన కంటికి చిత్తుకాగితం. ఈసారి సదస్సు పుస్తకంలో ఏది అచ్చవ్వాలో తేల్చేది ఆయనే.

సదస్సు ముందురోజు ఆమె మామయ్య దగ్గరికి వచ్చింది.

"మీకు దణ్ణం పెడతాను మామయ్యా. రేపు నా పేపరప్పుడు మీరు చెయ్యెత్తకూడదు."

"ఎందుకమ్మా?"

"అర్థం కాలేదంటారు. హాలంతా నవ్వుతుంది. అయిదేళ్ళ కష్టం మామయ్యా! అది అచ్చయితేనే నాకు ఉద్యోగం."

"సరే. చెయ్యెత్తను. ఒట్టు."

ఆమె పేపరంతా ఒక గోనెసంచి గురించి. కూరగాయల మార్కెట్లో నేలమీద సంచి మడిచి పెడితే ఆ చోటు ఆ మనిషిదే. కాగితం లేదు, కాపలా లేదు. మనిషి జబ్బుపడి పదిరోజులు రాకపోయినా సంచిని ఎవరూ ముట్టుకోరు.

చదవడం అయిందో లేదో, లెక్కల ప్రొఫెసరు కళ్ళజోడు తీశారు. "కథ బాగుందమ్మా. కాని మంచి బేరం తగిలే చోటు అది. సంచి తీసి పక్కన పడేసి కూర్చుంటే లాభమే కదా? ఎందుకు కూర్చోరు?"

"కట్టుబాటు సార్."

"అది జవాబు కాదు. జవాబు తెలియనప్పుడు పెట్టుకొనే పేరు."

ఆమె జవాబు కోసం కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పసాగింది.

"నాకర్థం కాలేదు!"

హాలు గొల్లుమంది. మామయ్య రెండు చేతులూ తొడల కింద పెట్టుకొని, కూర్చున్నచోటు నుంచే అడుగుతున్నారు. "నువ్వెప్పుడైనా ఆ సంచిని కదిపావా అమ్మా?"

ఆమె మొహం ఎర్రబడింది. కదిపింది. సిగ్గుపడి ఆ సంగతి పేపర్లో రాయలేదు. ఈయన ఒక్కరికే చెప్పుకొంది.

"కదిపానండీ. మొదటి రోజు తెలియక తీసి, అక్కడ కూర్చుని రాసుకున్నాను. ఒక్కరూ తిట్టలేదు. ఒక పెద్దావిడ వచ్చి సంచిని మళ్ళీ అక్కడే వేసింది. తర్వాత మూడు రోజులు మార్కెట్లో ఎవరూ నాతో మాట్లాడలేదు." ఆమె కాగితాలు బల్లమీద పెట్టేసింది. "నాకు పోయింది మాటలే సార్. అమ్ముకొనేవాళ్ళకి అలా జరిగితే? కాసేపు పక్కకెళితే గంప చూసేవాళ్ళుండరు. తక్కెడ అడిగితే ఇవ్వరు. ఒంట్లో బాగోకపోతే వాళ్ళ చోటూ నిలవదు. సంచి తీస్తే చోటు దొరుకుతుంది, ఇరుగుపొరుగు పోతుంది!"

లెక్కల ప్రొఫెసరు కాగితం మీద ఏదో గీసి, కొట్టేసి, మళ్ళీ గీశారు. "ఈ నష్టం నా సమీకరణంలో ఇన్నాళ్ళూ లేదు" అన్నారు నెమ్మదిగా. "ఇప్పుడు చెప్పింది పేపర్లో చేర్చి పంపమ్మా. అచ్చు వేద్దాం."

భోజనాల దగ్గర ఆమె మామయ్యను పట్టుకొంది. "ఒట్టేశారు కదా!"

"చెయ్యెత్తలేదు కదమ్మా. నోటి సంగతి మనం మాట్లాడుకోలేదు" అని ఆయన చల్లగా జారుకున్నారు.

వెనక ప్లేటు పట్టుకొని నిలబడిన లెక్కల ప్రొఫెసరు పకపకా నవ్వారు. "నా మొదటి పేపరుకీ మొదటి ప్రశ్న ఈయనదేనమ్మా. లెక్కలో మూడో వరుస అర్థం కాలేదు, మళ్ళీ చెప్పమన్నారు. చెబుతుంటే నా తప్పు నాకే దొరికింది. ఇంకెవరూ పట్టుకోకముందే దిద్దుకున్నాను. తర్వాత చూస్తే, ఈయన నోటుపుస్తకంలో ఆ వరుస అప్పటికే దిద్ది ఉంది! ఇవాళ ఒట్టు అడ్డొచ్చి నేను ముందు పడ్డానేమోగాని, వణికేవాళ్ళు చదివితే మొదటి ప్రశ్న ఇంకెవర్నీ అడగనివ్వరు. మా పక్షమా, మీ పక్షమా అని చూడరు."

ఆమె అటు చూసింది. మామయ్య అప్పుడే, చెమటలు పట్టిన మరో కొత్త పరిశోధకుడి పక్కన కుర్చీ లాక్కుంటున్నారు.

"ఇంతకీ ఆయన నీకు గురువుగారా?" అడిగారు లెక్కల ప్రొఫెసరు.

"మా మామయ్యండీ! మా అమ్మకి సొంత తమ్ముడు!" అంది ఆమె, నాలుగు బల్లల అవతలివాళ్ళు కూడా తలతిప్పి చూసేంత గట్టిగా.