రయ్యా ఎడమ కన్ను

రయ్యా చెయ్యి పడితే చాలు, కళ్ళు లేనట్టుండే పిల్లకు కూడా కళ్ళొస్తాయని పాత మొంబాసాలో చెప్పుకునేవారు. అందులో పొగడ్త కొంత ఉన్నా నిజమే ఎక్కువ. పదిహేనేళ్ళుగా ఆ ఇరుకు సందుల్లో జరిగిన పెళ్ళిళ్ళలో సగానికి కాటుక దిద్దింది ఆమే. ఆమెకో పట్టింపు ఉండేది. కొత్త సరుకు ఏది వచ్చినా ముందు తన కంటికి పెట్టుకుని చూసుకోనిదే పెళ్ళికూతురి దగ్గరికి తీసుకెళ్ళేది కాదు. మిగతావాళ్ళు చేతి మీద గీసి చూసుకునేవారు. "చేతికీ కంటికీ ఏం చుట్టరికమే?" అని రయ్యా వాళ్ళను ఆట పట్టించేది.

అలాంటి మనిషి మూడు నెలలుగా కాటుక ముట్టలేదు. ఓడ మీద పనిచేసే భర్త అథ్‌మాన్ ఉన్నట్టుండి గుండె ఆగి పోయాడు. భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు ఎడా పాటించాలి. గడప దాటకూడదు, మెరిసే బట్ట కట్టకూడదు, అత్తరు పూసుకోకూడదు, కాటుక పెట్టకూడదు. అత్తగారింటి మేడ మీద, వీధి వైపు చెక్క కిటికీ ఉన్న గదిలో ఆమె కూర్చుంది. కింది సందులోంచి పెళ్ళి పాటలు వినిపించినప్పుడల్లా ఎవరి పెళ్ళో, కళ్ళు ఎవరు దిద్దారో అని లోలోపల కుళ్ళుకునేది. ఆ కుళ్ళు తప్పని తెలిసీ కుళ్ళుకునేది.

అథ్‌మాన్ చెడ్డవాడేం కాదు. ఏడాదిలో పది నెలలు నీళ్ళ మీదే ఉండేవాడు. ఇంటికొస్తే, పిల్లలు లేరన్న మాట ఎత్తకుండా, "నీకు ఊరి పెళ్ళికూతుళ్ళంతా కూతుళ్ళేగా" అని నవ్వేవాడు. అతను పోయాడన్న బాధ రయ్యాకు నిజంగానే ఉంది. ఏడుపే రాలేదు. శవం ఇంటికి చేరిన రోజూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. అత్త మ్వనకొంబో దాన్ని మనసులో పెట్టుకుంది. నలభయ్యో నాడు ఇంటినిండా చుట్టాలుండగానే కడిగేసింది.

"నా కొడుక్కి ఒక్క చుక్క రాల్చలేదే నువ్వు! నీది గుండేనా? ఎడా అవ్వగానే నీ పెట్టె సర్దుకుని నీ పెళ్ళికూతుళ్ళ దగ్గరికే పో. నా కళ్ళెదుట ఉండకు."

అది తిట్టే. కానీ రయ్యాకు మాత్రం వరం దొరికినట్టయింది. ఆ వంశంలో పిల్లల్లేని కోడలికి భర్త పోతే ఇక అత్త కాళ్ళు పడుతూ, కొబ్బరి కోరుతూ ఆ మేడ మీదే ముసలిదైపోవాల్సిందే. అలా ఉండిపోయినవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళను చూస్తేనే ఆమెకు ఊపిరాడేది కాదు. కిబొకోని పేటలో అక్క ఇంటి కింది గది ఖాళీగా ఉంది. అద్దం ఎక్కడ పెట్టాలో, కుర్చీ ఎటు తిప్పి వెయ్యాలో కూడా అనుకుని పెట్టుకుంది. ఇంకా నెల పది రోజులు ఓపిక పడితే చాలు.

ఆ గురువారం సాయంత్రం అక్క కూతురు సలామా వచ్చింది. వస్తూనే తలుపు దగ్గరికి వేసి, బురఖా కింద నుంచి మహమ్రీల పొట్లం తీసింది. వేడి చల్లారని ఆ రొట్టెల వెనకే సన్నటి నల్ల పెన్ను ఒకటి బయటికొచ్చింది.

"పిన్నీ, ఇదే అది!"

"ఏదే?"

"దుబాయ్ లైనర్. ఏ ఫోన్ తెరిచినా ఇదే గోల. పెట్టుకుని సముద్రంలో మునిగి లేచినా చెక్కుచెదరదట. పెళ్ళికూతుళ్ళందరికీ స్వాబ్రా దీన్నే పెడుతోంది."

"స్వాబ్రాకి తిన్నగా గీత గీయడం ఎప్పుడొచ్చింది?"

"రాకపోతేనేం? పెళ్ళిళ్ళన్నీ దానివేగా ఇప్పుడు. నువ్వు బయటికొచ్చేసరికి నీకు ముసలమ్మల కళ్ళే మిగులుతాయి."

ఆ మాట రయ్యాకు చురుక్కుమంది. పెన్ను లాక్కుని మూత తీసింది. వాసన చూసి ముక్కు చిట్లించింది. మొనను గోటి మీద నొక్కి చూసింది. తర్వాత జరిగింది ఆమె అనుకుని చేసింది కాదు. పదిహేనేళ్ళ అలవాటు చేతిది. ఎడమ రెప్పను బొటనవేలితో పక్కకు లాగిపట్టి, సలామా ఫోన్లో చూసుకుంటూ ఒక్క గీత గీసేసింది.

గీత బ్రహ్మాండంగా వచ్చింది. ఎక్కడా వణుకు లేదు, చివర తోక సన్నగా పైకి లేచింది. రయ్యా మూడు నెలల తర్వాత పళ్ళు కనబడేలా నవ్వింది.

"బాగుందే దొంగముండ! సరే, గుడ్డ ఇటు తే. అత్తయ్య చూస్తే చంపేస్తుంది."

గుడ్డతో తుడిస్తే పోలేదు. ఉమ్మి తడి చేసి తుడిచినా పోలేదు. కొబ్బరినూనె రాసి రుద్దితే నూనె నల్లబడిందే కానీ గీత అలాగే ఉంది. సబ్బు నురగ చేసి మొహమంతా రుద్దుకుంది. అది లోపలికి పోయి రెండు కళ్ళూ భగ్గున మండాయి.

"దాన్ని తీయడానికి వేరే నూనె ఉంటుందట పిన్నీ," అని నసిగింది సలామా.

"తేలేదా?"

"అది విడిగా అమ్ముతారు."

"తీయకపోతే ఎన్నాళ్ళుంటుందే?"

"వారం అంటున్నారు."

"నీ మొహం మండా! పరిగెత్తి ఆ నూనె పట్రా!"

సలామా వెనక మెట్ల మీద నుంచి దిగిపోయింది. అప్పుడే ముందు మెట్లు కిర్రుమన్నాయి. ప్రతి గురువారం సాయంత్రం నమాజయ్యాక కొడుకు పేరు మీద ఖురాన్‌లోని యాసీన్ చదవడానికి మ్వనకొంబో కోడలి గదికే వస్తుంది. ఆ సంగతి రయ్యా మరిచే పోయింది. పెన్ను పరుపు కిందికి తోసి, తల మీద కప్పుకున్న లెసో గుడ్డ కొంగును ఎడమ చెంప మీదికి లాక్కుని, వెలుతురుకు వీపు పెట్టి కూర్చుంది. ఎడాలో కాటుక పెట్టిందన్న మాట ఈ గది దాటితే చాలు, తెల్లారేలోగా చేపల బజారుకు చేరుతుంది. అలాంటి దాని చేత కూతురి కళ్ళు దిద్దించే తల్లి ఆ ఊళ్ళో ఉండదు. అక్క ఇంటి గది ఉన్నా ఆ కుర్చీలో కూర్చునేవాళ్ళుండరు.

మ్వనకొంబో గడప దగ్గరే ఆగింది.

"ఏమిటా కళ్ళు?"

రయ్యా కొంగును ఇంకాస్త ముందుకు లాక్కుంది. కొంగు బయట ఉన్న కన్ను ఎర్రగా ఉబ్బి ధారలు కారుతోంది. ముక్కు కారుతోంది. సబ్బు మంటకు ఒళ్ళు కూడా అదురుతోంది.

"ఏడుస్తున్నావా?" ముసలామె గొంతు మారిపోయింది. మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ పక్కన కూలబడి, కోడలి తలను గుండెకు అదుముకుంది. "ఒంటరిగా కూర్చుని ఏడుస్తున్నావటే నా తల్లీ! నిన్ను రాయి అనుకున్నానే. నలుగురిలో నిన్ను నానా మాటలూ అన్నానే!"

రయ్యా కొంగు అంచును పళ్ళతో బిగపట్టింది. పన్నెండేళ్ళ కాపురంలో అత్త తనను దగ్గరికి తీసుకోవడం ఇదే మొదటిసారి. ఆ చేతులు వెచ్చగా ఉన్నాయి. అదే ఆమెకు ఎక్కువ నొప్పి పుట్టించింది.

"పొమ్మన్నానని ఏడుస్తున్నావు కదూ? ఎక్కడికీ పోవద్దు. నువ్వు వాడి భార్యవి. చచ్చేదాకా ఈ ఇంట్లోనే, నా దగ్గరే ఉంటావు."

"అత్తయ్యా, అక్క వాళ్ళింట్లో గది..."

"ఆ గది మాటెత్తకు! ఊళ్ళోవాళ్ళ మొహాలకి రంగులు పూసి బతకాల్సిన ఖర్మ నా కొడుకు పెళ్ళానికేంటి? నేను చూసుకోనూ? వల్లాహి, ఉంటానని చెప్పు. చెప్పు తల్లీ."

దేవుడి మీద ఆ ఒట్టు వేశాక ఇక వెనక్కి తీసుకోవడం ఉండదు. పళ్ళు వదిలితే కొంగు జారుతుంది, నిజం బయటపడుతుంది. అప్పుడు ఈ ఇంటి నుంచి విడుదలే. కానీ ఊళ్ళో ఏ ఇంటి తలుపూ తెరుచుకోదు. పైగా తన కొడుకు కోసం ఒకరు ఏడ్చారన్న తృప్తి ఈ ముసలామెకు ఇవాళే దొరికింది. దాన్ని కూడా లాగేసుకోవాలి. ఎటు తిరిగినా గోడే. వెనక మెట్ల మీద సలామా అడుగుల చప్పుడు కోసం ఆమె చెవులు రిక్కించింది. ఏమీ వినిపించలేదు.

"చెప్పవే!"

"వల్లాహి, ఉంటాను అత్తయ్యా."

మ్వనకొంబో ఆమె నెత్తి మీద ముద్దు పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ లేచి, మెట్ల మొదటికెళ్ళి కింద ఉన్న కూతురిని కేకేసింది.

"అమ్మాయ్! నా మంచం విప్పించి పైకి పంపు. ఇవాళ్టి నుంచి నేను నా కోడలి దగ్గరే పడుకుంటాను."

కాసేపటికే కింద మంచం కోళ్ళు ఊడగొడుతున్న చప్పుడు మొదలైంది.