బ్రహ్మ పుంజు విదిలించుకోని రోజు

హెబ్బగోడిలో మా మిద్దె మీద బట్టలు ఆరేసుకోవడానికి చోటు లేదు. అంతా కోళ్లే. అవి కూడా మామూలువి కాదు, బ్రహ్మ కోళ్లు. పుంజు మెడ ఎత్తి నిలబడితే నా మోకాలు దాటుతుంది. కాలివేళ్ల దాకా ఈకలే. మొదటిసారి చూసినప్పుడు ప్యాంటు తొడుక్కున్న కోడి అని పడీపడీ నవ్వాను. ఆ ప్యాంటు ఉతికే పని నా నెత్తినే పడుతుందని అప్పుడు తెలియదు.

తెచ్చింది మా అత్త. పావగడ పక్క పల్లె మనిషి. మా దగ్గరికి వచ్చాక ఊరికే కూర్చోలేక, కొడుకు చేత ఈ జాతి పిల్లల్ని కొనిపించుకుంది. ఆమె కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకం, నేను మాట పడని రకం. కూరలో ఉప్పు దగ్గర మొదలైతే సాయంత్రం దాకా సాగేది మా పంచాయితీ.

కోళ్ల విషయంలో మాత్రం ఆమె మాటకు తిరుగులేదు. బ్రహ్మ పెట్ట పొదగడానికి కూర్చుంటే దాని బరువుకి గుడ్లు చిట్లుతున్నాయని, ఎక్కడి నుంచో ఒక నాటు పెట్టను తెప్పించి గుడ్లన్నీ దాని కింద పెట్టింది. తల్లికోడి తొక్కితే పిల్ల చస్తుందా అంటారు. ఆ మాట అన్నవాళ్లెవరూ బ్రహ్మ పెట్టను చూసి ఉండరు. పిల్లలు చూస్తుండగానే తల్లిని మించిపోయాయి. అయినా ఆ పిచ్చిది వాటన్నిటినీ రెక్కల కింద దాచుకోవాలని చూసేది. అవి లేచి నిలబడితే తల్లి కూడా గాల్లోకి లేచేది.

ఆ పిల్లల్లో పెరిగినవాడే మా పుంజు. వాన పడితే వాడి కాలి ఈకల్లో బురద గట్టిపడి, నడవలేక కుంటేవాడు. అత్తకు నడుం వంగదు కాబట్టి, నేను ఆఫీసు నుంచి వచ్చి స్టూలు వేసుకుని, గోరువెచ్చటి నీళ్లతో వాడి కాళ్లు కడిగేదాన్ని. మొదట్లో తిట్టుకుంటూనే కడిగాను. వాడు మాత్రం అల్లుడిలా దర్జాగా నిలబడి కడిగించుకునేవాడు. రానురాను, వాడి కాళ్లు కడిగితే తప్ప ఆఫీసు చిరాకు దిగేది కాదు. నాకు వాడంటే ప్రాణమైపోయింది. ఇందులో దాచేదేముంది?

కానీ వాడు మారెమ్మ మొక్కు. ఉగాది మర్నాడు ఇక్కడ హొసతొడకు. ముందురోజు ఒబ్బట్లు తిన్న ఇళ్లన్నీ ఆరోజు మాంసం వండుకుంటాయి. మా అత్తవారింట్లో ఆ పూట అమ్మవారికి పుంజును ఇవ్వాలి. అంగడిలో ఒకటి కొని ఇద్దామని బతిమాలాను.

"ఇంట్లో పెరిగిందే ఇయ్యాల మే. కొనుక్కొచ్చింది ఇస్తే అది మొక్కెట్లయితాది?" అంది అత్త.

పండగ వెళ్లిన పొద్దున మా మరిది చిక్కపేట నుంచి వచ్చేశాడు. మా ఆయనకు రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి, అందుకని కోసేది ఎప్పుడూ ఆయన తమ్ముడే. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. కోపాన్నే పైకి చూపించి, గిన్నెలు దబదబా పడేశాను. పైకి వెళ్లకూడదనుకున్నాను. కానీ ఉండలేక వెళ్లాను.

వాళ్లకొక కట్టుబాటు ఉంది. కోసేముందు పుంజు మీద పసుపు నీళ్లు పోస్తారు. అది ఒళ్లు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే కత్తి ముట్టరు. నాటు కోళ్లు చుక్క పడగానే విదిలిస్తాయి, కాబట్టి ఎన్నడూ పేచీ రాలేదట.

అత్త చెంబు వంచి వాడి వీపు మీద పోసింది. ఆ దట్టమైన ఈకల మీంచి నీళ్లు జారిపోయాయి. వాడు కదల్లేదు. మళ్లీ పోసింది. రోజూ నేను కడిగే నీళ్లే అనుకున్నాడేమో, కళ్లు అరమూసుకుని హాయిగా నిలబడ్డాడు.

"వీపు మింద పోస్తే దీనికి యాడ తగలతాదిమా? తల మింద పొయ్యి" అన్నాడు మరిది.

అవును, తల మీద పోస్తే ఏ కోడైనా విదిలిస్తుంది. పుట్టినప్పటి నుంచీ కోళ్లు సాకిన అత్తకు అది తెలియదా?

అత్త వాడి వైపు ఒకసారి చూసింది. చెంబును పమిట చాటుకు తిప్పుకుంది.

"నీళ్లు అయిపాయె. అమ్మకి ఇష్టం లేదు. ఏం చేసేకయితాదప్పా? అంగడికి పోయి కూరకి తీసుకురాపో" అంది. అని చెంబు నా చేతిలో పెట్టింది.

చెంబు బరువుగా ఉంది. సగం పైనే నీళ్లున్నాయి. నేను తలెత్తి చూస్తే, అత్త నా మొహం వైపు చూడకుండా పుంజు మెడ తుడుస్తోంది.

మరిది పక్క నుంచే, ఒక్క చుక్క తొణక్కుండా కిందికి దిగాను.