తల్లిదండ్రుల వరుసలో

అప్పటికి మావారికి యాభై రెండేళ్ళు. ఉద్యోగం పోయి రెండేళ్ళయింది. మారతహళ్ళిలో ఒక కంపెనీ ఇంటర్వ్యూకు నేనూ తోడు వెళ్ళాను. గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు మావారి తెల్లజుట్టు చూసి, "బిడ్డల్తో వచ్చినోళ్ళు ఆ పక్క కూర్చోండప్పా" అన్నాడు. నేను నోరు తెరవబోతే మావారు నా చెయ్యి నొక్కి, వెళ్ళి తల్లిదండ్రుల వరుసలో కూర్చున్నారు.

పక్కనున్నామె అడిగింది. "మీ బిడ్డని పిలిచినారా అన్నా?"

"లేదమ్మా. వానికి ఇంగా పిలుపు రాలేదు" అని మావారు నవ్వారు.

కాసేపటికి, లోపలికి వెళ్ళకుండానే ఇంటికి వచ్చేశాం.

ఆయన పోయి ఏడాదవుతోంది. ఆ గేటు ముందు ఇంకొక్కసారి ఆయన పక్కన నిలబడగలిగితే, ఉద్యోగానికి వచ్చింది ఈయనేనని గట్టిగా చెబుతాను.