చీటీ కట్టని పెట్టె

మా బొగ్గుగని వర్క్‌షాపులో ఒక పద్ధతి ఉంది. చెడిపోయి వచ్చిన ప్రతి యంత్రానికీ తీగతో ఒక అట్ట చీటీ కట్టాలి. ఎక్కడి నుంచి వచ్చింది, ఏం చెడింది, తిరిగి ఎవరికి వెళ్లాలి అని రాసి కింద సంతకం పెట్టాలి. చీటీ ఉన్నదాన్ని బాగుచేస్తారు. లేనిది గోడ వారకు చేరుతుంది. అక్కడికి చేరిందంటే దానికిక దిక్కు లేనట్టే. ఎవరికి ఏ బోల్టు కావాలంటే ఆ బోల్టు విప్పుకుపోతారు. స్టోరు నుంచి సామాను తీసుకోవాలన్నా అలాంటి చీటీయే రాసి సంతకం పెట్టాలి. ఆ కౌంటరు వెనక కూర్చునేది నేను. చీటీ లేకుండా వాషరు కూడా ఇవ్వదని నాకు పేరు. నా వెనకాల ఇంకా ఏమేం పేర్లు పెట్టారో తెలియనట్టు నటిస్తాను. ఒక్క మనిషికి మాత్రం నోటి మాట మీదే ఇచ్చేదాన్ని.

అలాంటి నేను, మా బాపు గ్రామఫోనును చీటీ కట్టకుండా ఆ మనిషి చేతికే ఇచ్చాను.

బాపు గనిలో షాట్ ఫైరరు. బొగ్గు పొరలో మందు కూరి పేల్చడం ఆయన పని. నా చిన్నప్పుడు ఒక ఆఫీసరు బదిలీ మీద బంగళా ఖాళీ చేస్తూ ఈ గ్రామఫోనును పాత సామానుతో పాటు బయట పడేయించాడట. బాపు దాన్ని సైకిలు వెనక కట్టుకుని క్వార్టరుకు తెచ్చాడు. చెక్కపెట్టె, పైన ఇత్తడి బూర, పక్కన చావి. బూరకు ఒకచోట సొట్ట ఉండేది. సైకిలు మీంచి పడ్డప్పటిది. ఫస్టు షిఫ్టు దిగి, స్నానం చేసి, అన్నం తిన్నాక ఒక్క రికార్డు పెట్టేవాడు. రెండోది అడిగితే “దానిక్కూడ రెస్టు గావాలె బిడ్డా” అనేవాడు.

పేలుళ్ల మోతకు ఏటికేడు ఆయన చెవులు మొద్దుబారాయి. నేను పదో తరగతికి వచ్చేసరికి పాట ఆయనకు వినపడటం మానేసింది. అయినా అలవాటుగా పెట్టి ముందు కూర్చునేవాడు. ఒకరోజు దుమ్ము ఊదుదామని వంగితే గడ్డం పెట్టెకు తగిలింది. అలాగే ఉండిపోయాడు. కాసేపటికి నోరు తెరిచి పెట్టె అంచును పళ్లతో పట్టుకున్నాడు. పళ్ల నుంచి ఎముకల గుండా పాట లోపలికి వెళ్తుందని నాకు ఎప్పటికో తెలిసింది. ఆ రోజు మాత్రం అమ్మా నేనూ పొట్ట పట్టుకుని నవ్వాం. ఆయన కూడా పెట్టెను వదలకుండానే నవ్వాడు. ఆ తర్వాత ఆయన పాట వినడమంటే అదే. కొన్నేళ్లకు ఆ అంచు మీద నాలుగు పళ్ల గాట్లు పడ్డాయి. వాటిలో ఒకటి కాస్త లోతు. ఆయన ముందుపన్ను ఒకటి పొడుగు.

ఇదంతా మా ఇంట్లో కూర్చుని చూసిన మనిషి ఇంకొకరున్నారు. గనిలో బాపుకు హెల్పరుగా చేరి, తర్వాత వర్క్‌షాపులో ఫిట్టరైన మనిషి. మా ఇంటి అన్నం ఎంత తిన్నాడో లెక్కలేదు. నేను అన్న అంటాను. తోడబుట్టినవాడు లేని లోటు నాకు ఎప్పుడూ తెలియలేదు. బాపు మెడికల్ అన్‌ఫిట్ అయి, ఆయన బదులు నాకు స్టోరులో ఉద్యోగం వచ్చినప్పుడు, మొదటిరోజు నన్ను వెంటబెట్టుకుని ఏ సామానును ఏమంటారో ఒక్కొక్కటీ చూపించింది అన్నే.

బాపు పోయి ఏడాది కావొచ్చింది. ఏడాది దినానికి ఆయనతో పనిచేసినవాళ్లంతా భోజనానికి వస్తారు. తిన్నాక ఆ గ్రామఫోను మీద ఒక్క పాట పెట్టాలన్నది నా కోరిక. తీరా నెల ముందు చావి తిప్పి చూస్తే లోపల ఫట్‌మని స్ప్రింగు తెగింది.

“గింత దానికి ఫికరెందుకు చెల్లె? నేను జేస్త. బాపు దినం నాటికి మోగుతది” అన్నాడు అన్న.

పెట్టెను ఆటోలోకి ఎక్కించేటప్పుడు నా సంచిలో స్టోరు చీటీలున్నాయి. ఒకటి తీసి కడదామని నిజంగానే అనిపించింది. అన్నకు చీటీ ఏమిటి, సిగ్గులేదా అని నన్ను నేనే తిట్టుకుని సంచి మూసేశాను.

దినానికి ఒక్కరోజు ముందు అన్న పెట్టె తెచ్చాడు. వార్నిషు పూసి తళతళలాడుతోంది. బూర లేదు. చావి తిప్పే చోట చిన్న నీలం దీపం వెలుగుతోంది. అన్న తన ఫోను తీసి నొక్కితే గోడలు అదిరేలా పాట వచ్చింది.

“బ్లూటూతు. నీ ఫోనుకు కలుపుకో. ఇగ చావి తిప్పుడు లేదు, స్ప్రింగు తెగుడు లేదు” అన్నాడు సంబరంగా.

నేను అంచు మీద వేలు పెట్టి లాగాను. ఈ చివరి నుంచి ఆ చివరికి నున్నగా జారిపోయింది.

“గాట్లేవన్నా?”

“గరుకు కాయితం బెట్టి సాపు జేసిన. ఖరాబుగ కనవడ్డయి.”

“అవేందియో నీకు తెల్వదా?”

అన్న ఫోను ఆపేశాడు. “తెలుసు” అన్నాడు. ఫోను జేబులో పెట్టుకుంటూ, “పనిల పడ్డంక యాదికి రాలే చెల్లె” అన్నాడు.

“బూరేది? లోపలి మిషినేది?”

“పెద్దపల్లిల ఒక సారున్నడు, రిటైరైన పంతులు. ఆయనకాడ గిసొంటిదే ఉన్నది, మోగక శానేండ్లాయె. నీదానికి స్ప్రింగు దొరుకుతలేదు. అందుకే మంచిగున్న సామానంత దానికేసిన. రెండు ఆగినయి పెట్టుకొని ఏం జేస్తం? ఒక్కటన్న నడవాలె గద. మనం రోజు జేసే పనే.”

“నన్నొక్క మాట అడిగినవా?”

“చీటీ కట్టకపోతివి మరి” అన్నాడు నవ్వుతూ. నన్ను నవ్విద్దామని అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

అమ్ముకున్నా బాగుండేది. దొంగ అని నాలుగు తిట్టి తలుపేసుకునేదాన్ని. ఒక్క పైసా తీసుకోలేదు. పైగా నాకేదో మేలు చేశానన్న ముఖంతో నిలబడ్డాడు. ఆయన చేసింది నేను కౌంటరు వెనక రోజూ చేయించేదే, అందుకే గట్టిగా తిట్టలేకపోయాను కూడా. గనిలో నీళ్లు పెరుగుతుంటే, గోడ వారనున్న పాత పంపును విప్పి నడిచేదానికి వేయిస్తాను. అది తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ ఆ పంపు కోసం ఏ ఇంట్లోనూ ఎవరూ ఎదురుచూడరు. ఈ పెట్టె కోసం నేను నెల రోజులుగా చూస్తున్నాను. ఆ సంగతి అన్నకు తెలుసు. తెలిసే దాన్ని గోడ వారకు చేర్చాడు.

మర్నాడు పాట పెట్టలేదు. ఎవరో అడిగితే రిపేరులో ఉందన్నాను. అన్నే అందరికీ వడ్డించాడు.

ఆదివారం పెద్దపల్లికి వెళ్లి, గ్రామఫోనున్న పంతులుగారిల్లు ఏదని అడుగుతూ చేరాను. ఆ పంతులుగారు మంథని నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. నేను ఎవరినో చెప్పగానే ఆయన ముఖం చిన్నబోయింది.

“ఇంట్లోవాళ్లకు అక్కర లేదంట, పారేస్తుంటే తెచ్చిన అని ఆ ఫిట్టరన్నడమ్మా. నేను రెండుసార్లు అడిగిన కూడ” అన్నారు.

మరిచిపోయాడంటే ఎలాగో సర్దుకుందామనుకున్నాను. మరపు కాదు. పంతులుగారు అడిగారు, అన్న అబద్ధం చెప్పాడు. అదీ మా బాపు వస్తువు మాకు అక్కర లేదని.

పంతులుగారు రికార్డు పెట్టారు. సొట్ట బూరలోంచి నాకు తెలిసిన గొంతే వచ్చింది, అదే కొంచెం బొంగురు. “ఇప్పుడే విప్పిస్తా, తీసుకుపో తల్లీ” అన్నారాయన. తీసుకుపోయి దేనికి వెయ్యను? గాట్లు పోయిన పెట్టెకా? మోగుతున్న దాన్ని కూడా మూగచేసి పోవడం నాకు చేతకాలేదు.

“ఉండనీయండి సార్” అన్నాను. సంచిలోంచి చీటీ తీసి, ఎక్కడిదో, ఎవరిదో రాసి బూరకు కట్టాను. తిరిగి ఎవరికి వెళ్లాలి అన్నచోట ఖాళీ వదిలేశాను.

సోమవారం అన్న కౌంటరు దగ్గరికి వచ్చాడు. “రెండు బేరింగులియ్యి చెల్లె, జల్ది.”

“చీటీ” అన్నాను.

“నాక్కూడనా?”

చీటీ, పెన్ను ముందుకు జరిపాను. అన్న రాసి సంతకం పెట్టాడు. అన్నీ నింపాడో లేదో చూసుకుని బేరింగులు ఇచ్చాను.

“పెద్దపల్లికి పోయచ్చిన. మాకు అక్కర లేదని జెప్పినవంట” అన్నాను.

అన్న బేరింగులను గుడ్డలో చుట్టుకున్నాడు. వెనక ఇద్దరు ముగ్గురు ఎదురుచూస్తున్నారు. పక్కకు తప్పుకుని వెళ్లిపోయాడు. నేను ఆయన చీటీని మిగతా అందరి చీటీలతో పాటే తీగకు గుచ్చి, తర్వాతి మనిషిని పిలిచాను.