పెన్సిలు తుడిచిన ముఖం

మొన్న కల్లూరు నుంచి వచ్చే బస్సులో నా ముందు సీటులో కూర్చున్న ఆడపిల్ల సంచిలోంచి చిన్న ట్యూబు తీసి, కిటికీ అద్దంలో చూసుకుంటూ చెంపలకు క్రీము రాసుకుంది. పదిహేనేళ్లుంటాయేమో. పాలపొడికి మందుల షాపు వాసన కలిస్తే ఎలా ఉంటుందో అలాంటి వాసన. ఇరవై ఏళ్లు కావస్తున్నా ఆ వాసన తగలగానే నా చెంపలు వేడెక్కాయి. చేయి ముఖం మీదికి లేచి, దానంతట అదే మధ్యలో ఆగింది. ముఖం తడుముకోవద్దని నాకు నేర్పిన మనిషి పోయి ఎనిమిది నెలలైంది.

ఆమె పేరు జరీనా. కల్లూరులో అందరూ స్టూడియో ఆపా, అంటే స్టూడియో అక్క, అనేవారు. బస్టాండు వెనక వీధిలో రెండు గదుల ఫోటో స్టూడియో ఆమెది. వాళ్ల నాన్న పెట్టింది. ముందు గదిలో తెర, స్టూలు, రెండు దీపాలు. వెనక గదిలో కంప్యూటరు, దాని పైన గోడ పొడవునా వాళ్ల నాన్న కాలం నాటి నెగెటివ్‌ల డబ్బాలు. ఆపా సన్నగా, పొడుగ్గా ఉండేది. ఎక్కువ మాట్లాడేది కాదు గాని కెమెరా ముందు బిగుసుకుపోయిన వాళ్లతో మాత్రం, "ఏంది గట్ల కూసున్నవ్, ఇదేమన్న కరుస్తదా?" అనేది. వాళ్లు నవ్వేలోపు ఫోటో అయిపోయేది.

కల్లూరు దాటి చండ్రుగొండ వైపు వెళ్తుంటే అడవి మొదలయ్యే చోట మా ఊరు. మా తాత కృష్ణా జిల్లా నుంచి భూములు కొనుక్కుని వచ్చాడు. నాయనమ్మ మాటలో ఆ యాస చివరిదాకా పోలేదు. మా హాల్లో ఒకే ఒక్క పెద్ద ఫోటో ఉండేది. నలుపు తెలుపులో, రెండు జడలతో, నేరుగా చూస్తున్న పదహారేళ్ల అమ్మాయి. మా నాన్న అక్క, భారతి. నేను పుట్టడానికి ఇరవై ఏళ్ల ముందే పోయింది. ముఖం నిండా అమ్మవారు పోసి, జ్వరంతో ఆరో రోజున పోయిందని ఇంట్లో చెప్పేవారు. మా వైపు మశూచి వచ్చినా ఆటలమ్మ వచ్చినా అమ్మవారు పోసిందనే అనేవారు. మందు వేయించేవారు కాదు. ఫోటోలో మాత్రం ఆమె ముఖం మీద చుక్క మచ్చ లేదు. పాలరాయి నునుపు.

నేను అచ్చం ఆమెలా ఉంటానని ఊహ తెలిసినప్పటి నుంచి వింటూ పెరిగాను. పదిహేనో ఏట మొటిమలు మొదలయ్యాయి. ముందు ఎడమ చెంప మీద మూడు, తర్వాత గడ్డం కింద ఒకటి. ఫోటో కింద నిలబడి చూసుకునేదాన్ని. నా ముఖం గరుకెక్కుతున్నకొద్దీ ఆ ముఖం ఇంకా నున్నబడుతున్నట్టు కనిపించేది. అత్త తన ముఖం మీదివి ఒక్కొక్కటీ తీసి నా ముఖం మీద పెడుతోందని నాకొక నమ్మకం కుదిరింది. అన్నీ ఇచ్చేశాక, మిగిలిన ఆ జ్వరం కూడా ఇస్తుంది. అప్పటికి నాకు పదహారు నిండుతాయి. ఇది ఎవరికీ చెప్పలేదు. పుస్తకాలు బాగా చదివేదాన్ని. ఇలాంటివి నమ్మకూడదని తెలుసు. తెలిసినంత మాత్రాన నమ్మకం పోలేదు.

క్లాసులో ఒక అమ్మాయి చెబితే మందుల షాపులో ఆ ట్యూబు కొన్నాను. వారంలో ముఖం తెల్లబడింది, మొటిమలు అణిగాయి. నాలుగు నెలలు దాచుకుని రాశాను. ఒక్క పూట మానితే మంట. మళ్లీ రాస్తే చల్లబడేది. చలికాలం వచ్చేసరికి రాసినా ఆగలేదు. నుదురు, చెంపలు, గడ్డం, అంతటా ఒక్కసారి లేచాయి.

పదో తరగతి పరీక్షల దరఖాస్తుకు ఫోటో కావాలంటే నాన్న నన్ను బండి మీద కల్లూరు తీసుకెళ్లాడు. చున్నీ ముక్కు దాకా కప్పుకుని స్టూలు మీద కూర్చున్నాను. ఆపా చున్నీ తీయమంది. ఒక ఫోటో తీసింది. కెమెరాలో చూసుకుంది. తర్వాత నా ముఖానికి దగ్గరగా వచ్చి, దీపం కొంచెం పక్కకు తిప్పి చూసింది. నాన్నను చాయ్ తాగి రమ్మని పంపింది.

"ఏం క్రీం రాస్తున్నవ్ బేటీ?"

ఏమీ రాయడం లేదన్నాను.

"ఇరవై ఏండ్ల సంది పెండ్లిపిల్లల ముఖాలు దిద్దుతున్న. ఫ్లాష్ ఏస్తే నీ చెంప మెరుస్తుంది, తోలు కింద ఎర్ర నరాలు కనపడుతున్నయ్. మొటిమలకు గట్ల కాదు. గది క్రీం చేసిన పని. జల్దీ చెప్పు, మీ నాన్న వచ్చేలోపు."

చెప్పాను. ఒకటి చెప్పాక మిగతావి ఆగలేదు. అత్త ఫోటో సంగతి, నాకు మార్చిలో పదహారు నిండే సంగతి, అన్నీ చెప్పేసి, నేను చచ్చిపోతానా అని అడిగాను.

"మొటిమలకే సచ్చేదుంటే కల్లూరుల ఒక్క కాలేజీ పిల్లన్న మిగులునా?" అంది. నవ్వబోతూ ఆగి, అత్త పేరేమిటని అడిగింది. చెప్పాను. మా ఊరి పేరు అడిగింది. అదీ చెప్పాను. ఆపా వెనక గది వైపు ఒకసారి చూసింది.

నాన్న వచ్చాక ఆయనకు క్రీము సంగతి చెప్పి, నన్ను ఖమ్మంలో చర్మం డాక్టరుకు చూపించమంది. నాన్న ఒంటరిగా అలాంటి చోట్లకు వెళ్లే మనిషి కాదని ఆమెకు ఎలా తెలిసిందో, ఆ గురువారం షట్టరు దించి తనే మాతో వచ్చింది. డాక్టరమ్మ ట్యూబు చూడగానే తల ఊపింది. ఇది ఆపేయాలి, ఆపితే కొన్ని వారాలు ఇంతకంటే ఎక్కువవుతుంది, ఎర్రగా మండుతుంది, అప్పుడు భయపడి మళ్లీ రాస్తే మొదటికొస్తుంది అని చెప్పింది. మామూలు సబ్బుతో రెండు పూటలా కడగమంది. రాత్రికి పలచగా రాయడానికి ఒక జెల్, కొన్ని మాత్రలు ఇచ్చింది. గిల్లకూడదు. తలనూనె నుదుటి మీదికి కారకూడదు. మూడు నెలలకు ముందు ఫలితం అడగకూడదు. ఆపా ఇవన్నీ ఒక ఫోటో కవరు వెనక రాసిచ్చి, కింద తనవి రెండు కలిపింది. తలగడ గలీబు మూడు రోజులకోసారి మార్చాలి. అద్దం పొద్దున ఒక్కసారే.

ప్రతి ఆదివారం రమ్మంది. అదే స్టూలు, అదే దీపం, అదే దూరం. ఫోటో తీసేది, చూపించేది కాదు. రోజూ చూసుకునే ముఖం మనకు అబద్ధం చెబుతుందనీ, నెల తర్వాత అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుందనీ ఆమె లెక్క. నేను వెళ్లిన నాలుగు ఆదివారాల్లో ఒక్కసారి కూడా అయ్యో అనలేదు. పెళ్లిళ్ల సీజను గురించి, పెళ్లికొడుకుల మీసాల గురించి మాట్లాడేది.

నాలుగో ఆదివారం దాటాక డాక్టరమ్మ చెప్పింది జరిగింది. ముఖం వాచి, కళ్లు చిన్నవై, చెంపలు నిప్పు కణికలయ్యాయి. అప్పటిదాకా పిల్లదానికి వయసు మొటిమలని ఊరుకున్న నాయనమ్మ ఆ పొద్దున నన్ను చూసి చేతిలో చెంబు కింద పెట్టేసింది. మధ్యాహ్నానికి గుమ్మానికి వేపమండలు కట్టింది. నన్ను వెనక గదిలో పడుకోబెట్టి, మంచం నిండా వేపాకు పరిచింది. వంటింట్లో తాలింపు మానేసింది. సబ్బు వద్దు, స్నానం వద్దు, గడప దాటవద్దు, నన్ను ఎవరూ తాకవద్దు. నాన్న డాక్టరు మాట చెప్పబోయాడు. "అప్పుడూ ఇట్లాగే మొదలైంది, నువ్వు ఎనిమిదేళ్లవాడివి, నీకేం తెలుసు" అంది. నాన్న అక్కడితో ఆగిపోయాడు. అప్పుడు పిరికితనమనుకున్నాను. ఆయనకూ అక్క గుర్తుందని చాలా కాలానికి గాని అర్థం కాలేదు. జెల్, మాత్రలు బడి సంచిలో హాల్లో ఉండిపోయాయి. పరీక్షలకు మూడు వారాలుంది.

ఆ గది కిటికీ టేకు చెట్ల వైపు. ఎండాకాలం ముందు ఆకు రాలే రోజులు. మిట్టమధ్యాహ్నం గాలి లేకపోయినా ఎండుటాకు రాలి, కింద ఉన్న ఆకుల మీద పడేది. ఒక అడుగు వేసి ఎవరో ఆగినట్టుండేది. కాసేపటికి ఇంకో అడుగు. తలుపు తీసి ఉంచేవారు. మంచం మీంచి హాల్లో ఫోటో సగం కనిపించేది, ఎడమ చెంప ఉన్న సగం. అటు తిరగకూడదనుకునేదాన్ని, తిరిగేదాన్ని.

రెండో రోజో మూడో రోజో నాయనమ్మ పెరుగన్నం తెచ్చి దూరంగా పెట్టి, గడప దగ్గర కూర్చుంది. నా వైపే చూస్తోంది.

"భారతీ, ఈసారి పిలిస్తే పలుకమ్మా" అంది.

నేను "ఊఁ" అన్నాను. ఎందుకు పలికానో ఇప్పటికీ చెప్పలేను. ఆమె ముఖంలో ఎంత నెమ్మది వచ్చిందంటే, నేను భారతిని కాదు, రమనని చెప్పడానికి నోరు రాలేదు. ఆదివారం దాకా ఆమె నన్ను ఇంకో పేరుతో పిలవలేదు. రెండు రోజులు ఆ పేరుకే పలికాను.

ఆదివారం నేను రాకపోయేసరికి ఆపా పన్నెండు గంటల బస్సుకు మా ఊరు వచ్చింది. ఇంటికి అంతకుముందు ఎప్పుడూ రాలేదు. గుమ్మం మీది వేపమండలు చూసి వసారాలోనే ఆగిపోయింది. బయటివాళ్లు రాకూడదని నాయనమ్మ అనబోయేలోపు, "నేను లోపటికి రాను అమ్మా, ఇక్కడ్నే కూసుంట. మీరొక్కటి చూడుండ్రి" అని కవరులోంచి ఒక ఫోటో తీసి గడప మీద పెట్టింది. నేను మంచం దిగి తలుపు దాకా వచ్చాను.

అది హాల్లో ఉన్న ఫోటోనే. అవే జడలు, అదే చూపు. కాని చెంపల మీద మొటిమలున్నాయి. ఎడమ చెంప మీద మూడు, గడ్డం కింద ఒకటి. చిన్న చిన్నవి ఇంకా కొన్ని. మామూలు మొటిమలు, ఏ పదహారేళ్ల పిల్లకైనా ఉండేవి.

నాయనమ్మ దాన్ని తీసుకుని వెలుతురులోకి పట్టుకుంది. ఎక్కడిదని అడిగింది. ఆపా చెప్పింది. బిడ్డ పోయాక తాత స్టూడియోకు వచ్చి, పెద్ద ఫోటో చేయమనీ, ముఖం మీద ఒక్క మచ్చ ఉండకూడదనీ అడిగాడట. ఆపా నాన్న రెండు రోజులు నెగెటివ్ మీద సన్న పెన్సిలుతో దిద్దుతూ కూర్చున్నాడట. పదేళ్ల ఆపా పక్కనే నిలబడి చూసింది. అంత నాజూకు పని ఆయన ఇంకెప్పుడూ చేయలేదట. నా నోట ఆ పేరు విన్నాక డబ్బాలన్నీ వెతికి ఆ నెగెటివ్ పట్టుకుంది. ముందు రోజు స్పిరిట్‌లో ముంచిన దూదితో తన నాన్న చేతిపనంతా తుడిచేసి, ఉన్నది ఉన్నట్టు అచ్చు తీసింది.

"ఈ ఫోటో ఎప్పుడు దిగిందమ్మా?"

"పెళ్లిచూపులకని తీయించాం. జ్వరానికి నాలుగు నెలల ముందు."

ఆపా అడగకుండానే మిగతాది నాయనమ్మే చెప్పింది, ఫోటోతో చెబుతున్నట్టు.

"మొటిమలు ఎప్పటినుంచో ఉన్నాయి. నాకు తెలుసు. జ్వరం వచ్చినప్పుడు చలికి మంచం ఊగిపోయేది. అడవి జ్వరం. ఊళ్లో వాళ్లు ముఖం చూసి అమ్మవారన్నారు. కాదని నేను అనలేదు. వేపాకు పరిచాను. నాలుగో రోజు పిలిస్తే పలకలేదు."

అది చలిజ్వరమని, మలేరియా అని, ముప్పై అయిదేళ్లుగా ఆమెకు తెలుసు. తాతకూ తెలుసు. జ్వరానికి ముందటి ఫోటోలోనే అవి కనిపిస్తే అమ్మవారన్న మాట నిలవదు. అందుకే మచ్చలు తీయించాడు.

ఆపా ఓదార్చలేదు. "ఈ పిల్లకు జ్వరం లేదమ్మా. చెయ్యేసి చూడు" అంది.

నాయనమ్మ లేచి నా దగ్గరికి వచ్చింది. అయిదు రోజుల్లో మొదటిసారి నన్ను ముట్టుకుంది. అరచేయి నుదుటి మీద వేసి, తీసి, మళ్లీ వేసింది. చల్లగా ఉందంది. ఆ తర్వాత నా పేరు పెట్టి పిలిచి, సబ్బు ఎక్కడుందని అడిగింది. వేపమండలు తనే విప్పింది. ఆపా తిరుగు బస్సుకు వెళ్లేటప్పుడు నా నాలుగు ఆదివారాల ఫోటోలు ఇచ్చింది. ఇప్పుడు ముఖం వాచినా, ఆ నాలుగు వారాల్లో కొత్త మొటిమలు తగ్గుతూ వచ్చాయని వాటిలో స్పష్టంగా కనిపించింది. ఆ మూడు మచ్చలు ఇద్దరికీ ఒకే చోట ఎందుకున్నాయని అడిగాను. రక్తం ఒక్కటే కదా అంది. ఆ జవాబు నాకు పూర్తిగా చాలలేదు. ఆమెకూ చాలినట్టు లేదు.

పరీక్షలు ఎర్రటి ముఖంతోనే రాశాను. ముఖం కుదుటపడేసరికి వానలొచ్చాయి. చెంప మీద రెండు గుంటలు మిగిలాయి. హాల్లో ఫోటో మార్చారు.

నాకు పదహారు నిండిన రోజున నాయనమ్మ తనే నన్ను స్టూడియోకు తీసుకెళ్లింది. ఫోటో తీయమంది, ఏమీ దిద్దవద్దంది. మరుసటేడు కూడా. ఆ మరుసటేడూ. వాటిని అత్త ఫోటో కింద వరుసగా పెట్టుకునేది. పద్దెనిమిదో ఏట అనుకుంటాను, నాయనమ్మ బయట కూర్చుని ఉండగా ఆపా లైటు సరిచేస్తూ గొంతు తగ్గించింది.

"ఆమె చూసేది నిన్ను కాదు. తెలుసు కదా?"

"తెలుసు."

"బాధైతుందా?"

లేదన్నాను.

"అయితే కూసో. గడ్డం జర ఎత్తు."

నాయనమ్మ పోయి తొమ్మిదేళ్లయింది. ఆ తర్వాత కూడా ఏటా ఆ తేదీకి ఆపా ఫోన్ చేసేది. నేను వెళ్లేదాన్ని. ఎందుకని ఇద్దరం అనుకోలేదు. ఉన్న ముఖాన్ని ఉన్నట్టు చూడటం తప్ప ఆమె నాకు వేరే ఏమీ బోధించలేదు. భయం వేసినప్పుడు ఎవరి నుదుటి మీదైనా చేయి వేసి చూడాలన్నది కూడా ఆమె దగ్గర చూసి నేర్చుకున్నదే.

ఈ ఏడు పుట్టినరోజున నా ఫోటో నేనే తీసుకున్నాను. ఫోన్ దానంతట అదే చెంపలు నున్నగా చేసింది. ఆ సదుపాయం ఎక్కడుందో వెతికి, ఆపి, మళ్లీ తీశాను. కణత దగ్గర నాలుగు తెల్ల వెంట్రుకలు, కళ్ల కింద గీతలు, చెంప మీద రెండు గుంటలు. అచ్చు తీయించి అత్త ఫోటో కింది వరుసలో చివర పెట్టాను. భారతత్తకు ముప్పై అయిదు నిండాయి.